మూత్రం ఇబ్బందికీ నడకకీ సంబంధం ఉందా?

ఈమధ్య వస్తున్న ఉత్తరాల్లో ఒక మాట పదే పదే కనిపిస్తోంది. పాదాలు బయటికి తిప్పి నడిచే మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథికి జబ్బు వస్తుందట, వంగి కూర్చుంటే బ్లాడర్ (మూత్రాశయం) చెడిపోతుందట, నిజమేనా అని. యూరాలజిస్టుగా ముందు ఒక సంగతి తేల్చి చెబుతాను. నడక తీరు వల్ల ప్రోస్టేట్ పెరగదు. అది పెరగడానికి కారణం వయసు, హార్మోన్లు. యాభైల్లో ఉన్న మగవాళ్లలో దాదాపు సగం మందికి ఆ గ్రంథిలో పెరుగుదల మొదలై ఉంటుంది, వాళ్లు ఎలా నడిచినా సరే.

అలాగని నడకకీ మూత్రానికీ సంబంధమే లేదనుకోకండి. ఉంది. కొందరిలో కండరాల ద్వారా, మరికొందరిలో నరాల ద్వారా. కండరాల సంగతి బాధ పెడుతుంది గానీ ప్రమాదం కాదు. నరాల సంగతి వేరు. దాన్ని వయసు మీదకి నెట్టేసి ఏళ్ల తరబడి వదిలేస్తున్నారు. ఈసారి శీర్షిక అంతా దీనికే కేటాయించడానికి కారణం అదే.

ప్రశ్న: నా వయసు 38. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. ఏడాదిగా వృషణాలకీ మలద్వారానికీ మధ్య బరువుగా, నొప్పిగా ఉంటోంది. గంటకోసారి మూత్రానికి వెళ్లాలనిపిస్తుంది. తీరా వెళ్తే వెంటనే రాదు, ధార సన్నగా, ఆగి ఆగి వస్తుంది. యూరిన్ టెస్టు, కల్చర్, స్కానింగ్ అన్నీ నార్మల్. ప్రోస్టేట్ ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్స్ మార్చి మార్చి ఇచ్చారు. తగ్గలేదు. జిమ్‌లో ట్రైనర్ నా నడక చూసి, పిరుదులు బిగబట్టి పాదాలు బయటికి తిప్పి నడుస్తున్నావు, కటి కండరాలు బలహీనంగా ఉన్నాయి, వాటిని బిగించి వదిలే కెగెల్ వ్యాయామాలు చెయ్యమన్నాడు. రోజుకి రెండు వందలు చేశాను. నొప్పి ఇంకా పెరిగింది. నాకేమైంది డాక్టర్ గారూ?

జవాబు: ముందు ఆ కెగెల్స్ ఆపెయ్యండి, ఇవాళే. మీ ట్రైనర్ గమనించింది సరైనదే, చెప్పిన మందే తప్పు. మీ కండరాలు బలహీనంగా ఉన్నాయని నాకు అనిపించడం లేదు. అవి వదలడం మర్చిపోయాయి.

ముందువైపు కటి ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా, జోలె కట్టినట్టుగా ఒక కండరాల పొర ఉంటుంది. బ్లాడర్, ప్రోస్టేట్, పెద్దపేగు చివరి భాగం దాని మీద ఆనుకుని ఉంటాయి. మూత్రనాళం దానిలోంచే బయటికి వస్తుంది. మనం మూత్రానికి వెళ్లినప్పుడు జరిగే మొదటి పని బ్లాడర్ బిగుసుకోవడం కాదు, ఈ పొర వదులవడం. అది వదిలాకే బ్లాడర్ నొక్కుతుంది. పొర వదలకపోతే మూత్రం మొదలవడం ఆలస్యమవుతుంది, ధార ఆగుతూ వస్తుంది, అయిపోయాక కూడా ఇంకా మిగిలిందనిపిస్తుంది. ప్రోస్టేట్ అడ్డు వచ్చినా ఇవే లక్షణాలు కాబట్టి పొరపడటం తేలిక.

దీనికి డాక్టర్లు వాడే పేరు దీర్ఘకాలిక కటి నొప్పి. అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ 1995లో ప్రోస్టేట్ వాపు, అంటే ప్రోస్టేటైటిస్‌ని నాలుగు రకాలుగా విడగొట్టినప్పుడు దీన్ని మూడో రకంగా పెట్టింది. ప్రోస్టేటైటిస్ అన్న పేరుతో మా దగ్గరికి వచ్చేవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఈ రకమే. వీళ్లకి కల్చర్‌లో బ్యాక్టీరియా కనబడదు. మీ కల్చర్ నార్మల్‌గా ఉన్నా మందు మార్చి మళ్లీ యాంటీబయాటిక్ రాయడం నాకు నచ్చని విషయం. మొదట ఒక కోర్సు ఇచ్చి చూడటం వరకు ఒప్పుకుంటాను. దానితో గుణం కనబడనప్పుడు అనుమానం కండరం వైపు తిరగాలి.

ఇక నడక. తొడని బయటికి తిప్పే ఒక లోతైన కండరం కటి గోడకి లోపలివైపు అతుక్కుని ఉంటుంది. నేను చెప్పిన పొరలో కొంత భాగం ఆ కండరాన్ని కప్పి ఉండే పల్చని తొడుగు నుంచే మొదలవుతుంది. అందుకే పిరుదులు, తుంటి లోతు కండరాలు ఎప్పుడూ బిగదీసి ఉంచుకునేవాళ్లలో కింది పొర కూడా బిగిసి ఉండటం చూస్తుంటాం. అయితే పాదాలు బయటికి తిరిగి ఉండటం వల్లే జబ్బు వచ్చిందని అనుకోకండి. చాలామందికి తుంటి ఎముక ఆకారమే అలా ఉంటుంది, వాళ్లకి ఏ ఇబ్బందీ ఉండదు. పాదాలు బలవంతాన తిన్నగా పెట్టి నడవాలని ప్రయత్నిస్తే మోకాళ్ల నొప్పి అదనంగా వస్తుంది. మార్చుకోవాల్సింది పాదాల కోణం కాదు, ఆ బిగింపు.

అది ఎలా ఉంటుందో మీరే గమనించొచ్చు. ఇప్పుడు, ఇది చదువుతూనే, పొట్ట లోపలికి లాక్కుని ఉందేమో చూడండి. పళ్లు బిగించి ఉన్నాయా? మలద్వారం చుట్టూ లాగినట్టు ఉందా? కుర్చీ అంచు మీద జారి, నడుము గుండ్రంగా వంచి, తోక ఎముక మీద బరువు పెట్టి కూర్చున్నారా? టెన్షన్‌లో కొంతమంది భుజాలు బిగిస్తారు, కొంతమంది దవడ బిగిస్తారు, మీలాంటివాళ్లు కింద బిగిస్తారు. రోజుకి పది గంటలు అలా ఉంటే ఆ కండరం నొప్పి పుట్టకుండా ఎలా ఉంటుంది?

చేయాల్సింది ఇది. వెల్లకిలా పడుకుని, పిక్కలు కుర్చీ మీద ఆనించి, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకోండి. ముక్కుతో గాలి పీలుస్తుంటే చెయ్యి పైకి లేవాలి. అదే సమయంలో వృషణాల వెనక భాగం మెల్లగా కిందికి దిగినట్టు, విచ్చుకున్నట్టు తెలుస్తుంది. మొదటి కొన్ని రోజులు ఏమీ తెలియకపోవచ్చు, కంగారు పడకండి. గాలి వదిలేటప్పుడు ఏమీ బిగించవద్దు, ఊరికే వదిలెయ్యండి. పొద్దున ఐదు నిమిషాలు, రాత్రి ఐదు నిమిషాలు చాలు. తర్వాత మోకాళ్లు రెండూ చంకల వైపుకి లాక్కుని, ఎడంగా పెట్టి, ఒక నిమిషం అలాగే శ్వాస తీసుకోండి. మూత్రానికి నిలబడ్డప్పుడు ముక్కవద్దు. ముక్కితే పొర ఇంకా బిగుస్తుంది. పొట్ట వదిలేసి రెండు మూడు శ్వాసలు తీసుకుని ఆగండి, దానంతట అదే మొదలవుతుంది. నిలబడి రాకపోతే కమోడ్ మీద కూర్చోండి.

కూర్చోవడంలో నిటారుగా కర్రలా ఉండమని నేను చెప్పను. అలా బిగదీసుకుని కూర్చోవడమూ బిగింపే. పిరుదుల కింద రెండు ఎముకలు తగులుతాయి చూడండి, బరువు వాటి మీద పడాలి, తోక మీద కాదు. అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు వెయ్యండి. నడిచేటప్పుడు పొట్ట వదిలి, చేతులు ఊపుతూ, కాలు తుంటి దగ్గర్నుంచి కదిలేలా కొంచెం పెద్ద అడుగులు వెయ్యండి. ఇంకొకటి, గంటకోసారి వెళ్లే అలవాటుని మెల్లగా సాగదీయాలి. అనిపించిన వెంటనే కాకుండా పదిహేను నిమిషాలు ఆగి వెళ్లండి, వారం తర్వాత ఇంకో పదిహేను. మామూలు బ్లాడర్ 400 మిల్లీలీటర్ల దాకా సులువుగా పట్టగలదు. మీది గంటకి నిండదు.

మగవాళ్ల కటి కండరాల మీద శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టు దొరికితే తప్పకుండా కలవండి. మలద్వారం గుండా వేలితో పరీక్ష చేసి, ఏ చోట ముట్టుకుంటే మీ నొప్పి అచ్చంగా వస్తుందో చూపిస్తారు. సిగ్గుపడే విషయం కాదు. ఏడాదిగా ఎక్కడుందో తెలియని నొప్పి ఫలానా చోట అని తేలినప్పుడు మనిషికి కలిగే ఊరట నేను దగ్గర్నుంచి చూశాను. గుణం కనబడటానికి మూడు నెలలు పట్టొచ్చు. మధ్యలో జ్వరం వచ్చినా, మూత్రంలో రక్తం కనిపించినా, రాత్రి నిద్రలోంచి లేపేంత నొప్పి వచ్చినా ఇది కండరమేలే అని ఊరుకోకుండా డాక్టర్‌ని కలవండి.

కెగెల్స్ మీద ఒక్క మాట. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ స్త్రీల వైద్యుడు 1948లో, కాన్పు తర్వాత వదులైపోయిన కండరాల కోసం ఈ వ్యాయామం రాశారు. ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత మూత్రం ఆగని మగవాళ్లకీ అది బాగా ఉపయోగపడుతుంది. వదులైన కండరానికి మందు అది. బిగిసిన కండరానికి కాదు.

ప్రశ్న: మా నాన్నగారికి 73. ఏడాది క్రితం వరకు గబగబా నడిచేవారు. ఇప్పుడు కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు, చిన్న చిన్న అడుగులతో, కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తున్నారు. వెనక్కి తిరగాలంటే నాలుగైదు అడుగులు వెయ్యాల్సి వస్తోంది. రెండుసార్లు పడ్డారు. మూత్రం వస్తోందని చెప్పేలోపే బట్టల్లో పడిపోతోంది. మాటకి జవాబు చెప్పడానికి కూడా ఆలస్యం చేస్తున్నారు. ప్రోస్టేట్ అని మాత్ర ఇచ్చారు, మోకాళ్ల అరుగుదల అని ఇంకో మాత్ర ఇచ్చారు. వయసు కదా అంటున్నారు అందరూ. నాకు మనసొప్పక రాస్తున్నాను.

జవాబు: అమ్మా, మీ మనసు చెప్పిందే సరి. ఈ ఉత్తరం చదివాక మిగతావన్నీ పక్కన పెట్టి ముందు దీనికి జవాబు రాశాను. నాన్నగారిని వీలైనంత త్వరగా న్యూరాలజిస్టుకి చూపించండి.

నడక, మూత్రం, మతి మూడూ ఒకే ఏడాదిలో కలిసి దెబ్బతిన్నప్పుడు, మూడింటికీ మూడు వేరువేరు కారణాలు వెతకకూడదు. మెదడు ముందు భాగంలో, రెండు అర్ధభాగాలూ ఎదురెదురుగా ఉండే లోపలి అంచున కాళ్లని కదిపే ప్రాంతం ఉంది. మూత్రాన్ని ఇప్పుడు కాదు, తర్వాత అని ఆపే ప్రాంతం దానికి ఆనుకునే ఉంది. ఒకదాన్ని దెబ్బతీసింది రెండోదాన్నీ దెబ్బతీస్తుంది.

నాకు ముందుగా వచ్చే అనుమానం, మెదడు లోపలి గదుల్లో నీరు పేరుకోవడం. సాధారణ పీడన హైడ్రోకెఫాలస్ అంటారు. కొలంబియా దేశపు న్యూరోసర్జన్ సాలమన్ హకీమ్ గుర్తించిన జబ్బు ఇది, 1965లో వైద్య పత్రికల్లో వచ్చింది. మీరు రాసిన మూడు లక్షణాలే ఆయన రాసినవి. ముందు నడక మారుతుంది, చాలాసార్లు మూత్రం తర్వాత, మతి తర్వాత. మెదడు స్కాన్‌లో గదులు పెద్దవై కనిపిస్తాయి. అప్పుడు నడుము దగ్గర సూదితో 30 నుంచి 50 మిల్లీలీటర్ల నీరు తీసి, తీయకముందు నడకనీ తీసిన తర్వాత నడకనీ పోల్చి చూస్తారు. ఆ కొన్ని గంటల్లో అడుగు సాగితే, షంట్ అనే సన్నని గొట్టం పెట్టి ఆ నీటిని పొట్టలోకి మళ్లించే ఆపరేషన్ ఉపయోగపడే అవకాశం ఎక్కువ. నడక బాగా మెరుగుపడుతుంది, మూత్రం కూడా చాలామందిలో అదుపులోకి వస్తుంది. మతిమరుపు అంతగా కాదు. ఆలస్యం చేసినకొద్దీ ఫలితం తగ్గుతుంది కాబట్టే తొందరపడమంటున్నాను.

అదే అవుతుందని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. పార్కిన్సన్స్ అయితే ముందుకి వంగి, ఒక చెయ్యి ఊపకుండా, కాళ్లు దగ్గరగా పెట్టి ఈడుస్తూ నడుస్తారు. అందులోనూ రాత్రిళ్లు మూత్రం ఎక్కువే. మెదడులో సన్నని రక్తనాళాలు మూసుకుపోయినా ఇలాంటి నడక వస్తుంది. మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుంటే కాళ్లు కర్రల్లా బిగుస్తాయి, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతుంది, మూత్రం ఆపుకోలేకపోతారు. గుండీల సంగతి నాన్నగారిని అడగండి. ఎవరూ అడగరు, ఆయనా చెప్పరు.

నా గదిలో కుర్చీని తలుపుకి దూరంగా, ఎదురుగోడ దగ్గర వేయించుకున్నాను. మూత్రం సమస్యతో వచ్చే మనిషి ఆ దూరం ఎలా నడిచి వస్తాడో చూడటానికే. కుర్చీలోంచి లేవడానికి చేతులు ఎలా వాడతాడు, తిరిగేటప్పుడు ఎన్ని అడుగులు వేస్తాడు, బూటు ముందు అంచు ఒక కాలిదే ఎందుకు గీసుకుపోయింది అనేవి నాకు స్కానింగ్ రిపోర్టు కంటే ముందు కావాలి. బూటు కొస ఒకవైపే అరిగి ఉంటే ఆ పాదం లేవడం లేదని అర్థం, అప్పుడు నేను ప్రోస్టేట్ కంటే ముందు వెన్ను వైపు చూస్తాను. మీకూ అదే చెబుతున్నాను. నాన్నగారు నడవడం, తిరగడం, కుర్చీలోంచి లేవడం ఫోన్‌లో వీడియో తీసుకుని వెళ్లండి. పాత వీడియో ఏదైనా ఉంటే, ఏ పెళ్లిదో పుట్టినరోజుదో, అదీ పట్టుకెళ్లండి. రెండూ పక్కపక్కన చూసిన డాక్టర్ ఇక వయసు అనే మాట అనరు.

ఇంకో రెండు జాగ్రత్తలు. ప్రోస్టేట్ కోసం ఇచ్చే కొన్ని మాత్రల వల్ల లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఆయన రెండుసార్లు పడటంలో దాని పాత్ర ఉందేమో డాక్టర్‌ని అడగండి, పడుకున్నప్పుడూ నిలబడ్డాకా బీపీ చూడమనండి. మీరుగా మాత్ర ఆపవద్దు. మూత్రం ఆపుకోలేకపోవడానికి ఇచ్చే మందుల్లో కొన్ని ఈ వయసులో మతిమరుపుని పెంచుతాయి. అలాంటిది ఎవరైనా రాయబోతే మతి సంగతి ముందే చెప్పండి.

ప్రశ్న: వయసు 61. కొంచెం దూరం నడిస్తే రెండు కాళ్లూ బరువెక్కి తిమ్మిరెక్కుతాయి, కూర్చుంటే లేదా ముందుకి వంగితే తగ్గుతుంది. ధార కూడా సన్నబడింది. నడుము వల్లే మూత్రం తగ్గిందా? నడుము ఆపరేషన్ చేయించుకుంటే రెండూ పోతాయా?

జవాబు: కాళ్ల సంగతి వెన్నులో నరాల దారి ఇరుకైనట్టే ఉంది. వంగినప్పుడు ఆ దారి కాస్త తెరుచుకుంటుంది, అందుకే సూపర్ మార్కెట్ ట్రాలీ మీద ఆనుకుని నడిస్తే ఎక్కువ దూరం నడవగలుగుతారు. కానీ సన్నని ధారకి ఆ ఇరుకు కారణం కావడం అరుదు. మీ వయసులో ప్రోస్టేటే ఎక్కువసార్లు కారణం. రెండూ ఒకే మనిషిలో ఒకే సమయంలో ఉండటం చాలా మామూలు. మూత్రం కోసం నడుము ఆపరేషన్ చేయించుకుని, తర్వాత ధార అలాగే ఉందని నిరాశ పడినవాళ్లు ఉన్నారు.

తేల్చుకోవడం కష్టం కాదు. బ్లాడర్ నిండుగా ఉన్నప్పుడు, కనీసం 150 మిల్లీలీటర్లు వచ్చేలా, ధార వేగం కొలిచే యూరోఫ్లో పరీక్ష చేయించుకోండి. ధార గరిష్ఠ వేగం సెకనుకి 15 మిల్లీలీటర్లు దాటితే పెద్ద అడ్డు లేనట్టే. 10 కంటే తక్కువైతే అడ్డయినా ఉండాలి, బ్లాడర్ బలమైనా తగ్గి ఉండాలి. మూత్రం పోశాక ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూస్తారు. షుగర్ ఉంటే తప్పకుండా చెప్పండి. షుగర్ వల్ల అరికాళ్ల స్పర్శ పోయినట్టే బ్లాడర్ నిండిన కబురు కూడా మందగిస్తుంది.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. హఠాత్తుగా రెండు కాళ్లూ బలహీనపడి, మూత్రం ఆగిపోయి లేదా తెలియకుండా పోయి, సైకిల్ సీటుకి ఆనే భాగమంతా మొద్దుబారితే అది తెల్లారేదాకా ఆగే విషయం కాదు. వెన్ను చివరి నరాల కట్ట నొక్కుకుపోయిందని అర్థం. అర్ధరాత్రి అయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లండి. గంటలు గడిచినకొద్దీ బ్లాడర్ తిరిగి మామూలయ్యే అవకాశం తగ్గిపోతుంది.

ప్రశ్న: వయసు 66. పగలు మూత్రం మామూలే. రాత్రి మాత్రం నాలుగుసార్లు లేస్తాను, ప్రతిసారీ బాగానే వస్తుంది. సాయంత్రానికి పాదాలు వాస్తాయి. నా పని రోజంతా కూర్చునే. ప్రోస్టేట్ మాత్రతో మార్పు లేదు.

జవాబు: ప్రతిసారీ బాగానే వస్తుందన్నారు చూడండి, జవాబు అందులోనే ఉంది. బ్లాడర్‌ది తప్పు కాదు, కిడ్నీలు రాత్రిపూట ఎక్కువ తయారుచేస్తున్నాయి. రోజంతా కాళ్లు కిందికి వేలాడదీసి కూర్చుంటే నీరు పిక్కల్లో దిగి నిలుస్తుంది. పడుకోగానే అది మళ్లీ రక్తంలోకి చేరుతుంది, కిడ్నీలు దాన్ని వడకడతాయి. ప్రోస్టేట్ మాత్రకి ఇందులో పనేముంది?

మూడు రోజులు కొలపాత్రలో పోసి, టైము, పరిమాణం రాయండి. పడుకున్నాక వచ్చినదీ, పొద్దున లేవగానే వచ్చినదీ కలిపితే 24 గంటల మొత్తంలో మూడో వంతు దాటిందంటే నా అనుమానం నిజమే. సాయంత్రం పడుకోవడానికి కొన్ని గంటల ముందు, ఒక గంటసేపు కాళ్లు గుండె కంటే ఎత్తులో పెట్టి పడుకోండి. ఆ నీరు మెలకువగా ఉన్నప్పుడే బయటికి పోతుంది. పగలు మధ్యమధ్యలో నడవండి, పిక్కలు కదిలితేనే నీరు పైకి ఎక్కుతుంది. అయితే కాళ్ల వాపుకి గుండె, కిడ్నీ, బీపీ మందు ఏదైనా కారణమేమో ముందు చూపించుకోవాలి. గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉన్నా రాత్రి మూత్రం పెరుగుతుంది. ఇంట్లోవాళ్లని అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: మగవాళ్లు నిలబడి పోయాలా, కూర్చుని పోయాలా?

జవాబు: ఇబ్బంది లేనివాళ్లకి ఏదైనా ఒకటే. ప్రోస్టేట్ లక్షణాలు ఉన్నవాళ్లకి కూర్చోవడం కొంత మేలు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసి 2014లో తేల్చింది ఇదే. లక్షణాలున్న మగవాళ్లు కూర్చుంటే మిగిలే మూత్రం తగ్గింది, ఆరోగ్యవంతుల్లో తేడా లేదు. రాత్రిపూట మాత్రం వయసు మళ్లినవాళ్లందరూ కూర్చునే పొయ్యండి. గాఢనిద్రలోంచి లేచి నిలబడి పోసేటప్పుడు బీపీ హఠాత్తుగా పడి స్పృహ తప్పేవాళ్లున్నారు. మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవండి, దారిలో చిన్న లైటు ఉంచండి.

ప్రశ్న: వయసు 45. అంతా అయిపోయిందని ప్యాంటు వేసుకుని నాలుగు అడుగులు వేశాక చుక్కలు పడుతున్నాయి. బయటికి వెళ్లాలంటే ముదురు రంగు ప్యాంటే వేసుకుంటున్నాను. నడక వల్ల బ్లాడర్ కదిలి కారుతోందా?

జవాబు: బ్లాడర్ నుంచి కాదు. వృషణాల వెనక మూత్రనాళం వంపు తిరిగే చోట కొంచెం మిగిలిపోతుంది. నడిచినప్పుడు అది బయటికి వస్తుంది, అంతే. పోయడం అయ్యాక వృషణాల వెనక భాగంలో మూడు వేళ్లు ఆనించి, మెల్లగా నొక్కుతూ ముందుకి తీసుకురండి. రెండు మూడుసార్లు చేస్తే మిగిలింది బయటికి వచ్చేస్తుంది. ప్యాంటు జిప్పు గానీ ఎలాస్టిక్ గానీ కింద నుంచి నాళాన్ని ఒత్తకుండా చూసుకోండి. నొప్పి, బిగింపు లేనివాళ్లు కాబట్టి మీరు కెగెల్స్ చేయొచ్చు. ముదురు రంగు ప్యాంటుతో పని ఉండదు.

ప్రశ్న: వయసు 58. ఇంటి తాళం తీస్తుండగానే మూత్రం తన్నుకొస్తుంది. బాత్రూమ్‌కి పరుగెత్తుతాను, సగం దారిలో పడిపోతుంది. ఏం చెయ్యాలి?

జవాబు: పరుగెత్తకండి. ఈ ఒక్కటి మారితే సగం పని అయిపోతుంది. అర్జెంటు అనిపించడం బ్లాడర్‌లో లేచే ఒక పొంగు. అది లేస్తుంది, ఒక నిమిషంలోపు దిగుతుంది. పొంగు మీద ఉన్నప్పుడు పరుగెత్తితే పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది, మనసంతా అటే ఉంటుంది, దారిలో కారుతుంది. ఉన్నచోటే ఆగండి. వీలైతే కూర్చోండి, లేకపోతే తొడలు దగ్గరగా పెట్టి నిలబడండి. గాలి రావడం ఆపుకున్నట్టుగా కింది కండరాన్ని ఐదారుసార్లు టక టక బిగించి వదలండి. ఊపిరి మాత్రం బిగబట్టకండి. పొంగు దిగిందని తెలిశాక మామూలు నడకతో వెళ్లండి. మధ్యలో మళ్లీ లేస్తే మళ్లీ ఆగండి.

మొదటి వారం ఇంట్లో, బట్టలు పాడైనా ఫర్వాలేదనుకున్నప్పుడు సాధన చెయ్యండి. తాళం తీసే ముందు కూడా గుమ్మం బయటే ఒకసారి ఆగి, ఇది చేసి లోపలికి రండి. కాఫీ, టీ తగ్గించి చూడండి, మలబద్ధకం ఉంటే ముందు దాన్ని బాగుచేసుకోండి. నిండిన పేగు బ్లాడర్‌ని నొక్కుతుంది. ఆరు వారాలు చేసినా తేడా లేకపోతే రండి, మూత్రం ఎంత మిగులుతోందో చూసి మందు ఆలోచిద్దాం. వచ్చేటప్పుడు ఈమధ్య నడకలో ఏమైనా మార్పు వచ్చిందా, మెట్లు దిగేటప్పుడు భయం వేస్తోందా అన్నది ఇంట్లోవాళ్లని అడిగి రండి. నేను మొదట అడిగేది అదే.